ఇరవై ఏళ్ళకోసారి కొత్తదయ్యే పాత గుడి

జపాన్‌లో ఇసె అనే ఊరుంది. అక్కడి గుడి ఎంత పాతది అని అడిగితే పదమూడు వందల ఏళ్ళ పైమాటే అంటారు. గుడి దూలాలు చూస్తే మాత్రం నిన్నగాక మొన్న చెక్కినట్టు ఉంటాయి. ఎందుకంటే ఇప్పుడున్న గుడి 2013లో కట్టింది. 2033లో దీన్ని విడిచిపెట్టి, ఆనుకుని ఉన్న ఖాళీ స్థలంలో ఇలాంటిదే ఇంకొకటి కడతారు. దేవతను అందులోకి తీసుకెళ్ళి పాతదాన్ని విప్పేస్తారు. అప్పటికి ఇది 63వ సారి అవుతుంది. మొదటిసారి జరిగింది 690లో.

మేము ఆఫీసు పనిమీద నగోయాలో ఉన్నప్పుడు రెండు రోజులు ఖాళీ దొరికితే ఇసె వెళ్ళొచ్చాం. రైల్లో గంటన్నర. ఫోటోలు చూపించి, బాగుందని చెప్పి వదిలేసే ప్రయాణాలు చాలా చేశాం. దీన్ని అలా వదలబుద్ధి కాలేదు. ఇంట్లో ఇప్పుడు అవ్వ పాటల గురించి నడుస్తున్న మాటకీ దీనికీ సంబంధం ఉందని మాకు గట్టిగా అనిపిస్తోంది. ఆ మాటకు తర్వాత వస్తాం. ముందు గుడి.

ఇసెలో గుడి అంటే ఒక్కటి కాదు. చిన్నా పెద్దా కలిపి 125 ఉన్నాయి. ముఖ్యమైనవి రెండు. సూర్యదేవత అమతెరసు ఉన్నది లోపలి గుడి, నైకూ. ఆమెకు అన్నం పెట్టే దేవత తొయొఉకె ఉన్నది బయటి గుడి, గెకూ. రెంటికీ మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం. ముందు గెకూ, తర్వాత నైకూ చూడడం ఆచారం. గెకూలో రోజుకు రెండు పూటలా దేవతలకు భోజనం పెడతారు. ఆ వంటకు నిప్పు అగ్గిపెట్టెతో రాదు, కట్టెను కట్టెతో రాపాడించి పుట్టిస్తారు. యజ్ఞానికి అరణితో నిప్పు పుట్టించడం చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. బియ్యం గుడి సొంత పొలంలోది, ఉప్పు గుడి సొంత ఉప్పుమడిలోది. అక్కడి వాళ్ళకు అది వేడుక కాదు, రోజువారీ పని.

నైకూకు వెళ్ళాలంటే ఇసుజు నది మీద ఉజి వంతెన దాటాలి. నూరు మీటర్లకు కాస్త ఎక్కువ పొడవున్న కొయ్య వంతెన. దాన్నీ ఇరవై ఏళ్ళకోసారి కొత్తగా కడతారు, పోయినసారి కట్టింది 2009లో. వంతెనకు రెండు కొసల్లోనూ కొయ్య తోరణాలుంటాయి, తొరీ అంటారు. ఆ తొరీల కొయ్య ఎక్కడిదంటే, విప్పేసిన పాత గుళ్ళ పెద్ద స్తంభాలది. ఇరవై ఏళ్ళు గుడిలో నిలబడి, ఇంకో ఇరవై ఏళ్ళు వంతెన దగ్గర నిలబడి, ఆ తర్వాత ఇసెకు వచ్చే పాత దారుల్లో ఉన్న సెకి, కువానా అనే ఊళ్ళకు తోరణాలుగా వెళ్తాయి. మిగతా కొయ్య దేశంలోని వేరే గుళ్ళకు పోతుంది. పారేసేది పెద్దగా ఉండదు. పాత పట్టుచీరతో లంగా, లంగాతో దిండుగలీబు కుట్టించే ఇళ్ళలో పెరిగినవాళ్ళం, ఈ లెక్క మాకు వెంటనే అర్థమైంది.

గర్భగుడి కనబడదు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే వెళ్ళినవాళ్ళు నిరాశపడతారు. చుట్టూ నాలుగు వరసల కంచె. మెట్లెక్కి వెళ్తే ఒక తెల్లటి తెర, అంతే. మెట్ల దగ్గరనుంచి ఫోటో తీయకూడదు. రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, ఇంకోసారి వంగి బయటికి రావాలి. తెర గాలికి లేచినప్పుడు కప్పు అంచు కాస్త కనబడింది. హినొకి కొయ్య, గడ్డి కప్పు, రంగు లేదు. స్తంభాల కింద రాతి పునాది కూడా లేదు, నేలలో నేరుగా పాతారు. అంత వాన పడే దేశంలో నేలలో పాతిన కొయ్య ఎన్నాళ్ళుంటుంది? కట్టినవాళ్ళకు ఆ సంగతి తెలియకుండా ఉండదు. అదే జపాన్‌లో హోర్యూజి అనే బౌద్ధారామంలో రాళ్ళమీద నిలబెట్టిన కొయ్య కట్టడాలు పదమూడు వందల ఏళ్ళకు పైగా అలాగే ఉన్నాయి. నిలిచే గుడి కట్టడం చేతకాక కాదు. ఇసెలో చెడిపోయేటట్టే కట్టారు, మళ్ళీ కట్టడానికి.

గుడికంటే మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది దాని పక్కనున్న ఖాళీ స్థలం. తెల్లటి గులకరాళ్ళు పరిచిన నేల, మధ్యలో గూడులాంటి చిన్న కప్పు, అంతే. గెకూలో ఇది బాగా కనబడుతుంది. రాబోయే గుడికి స్థలం ఇరవై ఏళ్ళ ముందునుంచే సిద్ధంగా పడి ఉంటుంది. చూసినవాడికి తేదీ గుర్తుకొస్తుంది. గడువు కళ్ళెదుట ఉంటే పని జరుగుతుందని టెస్టింగ్ పనిలో ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇరవై ఏళ్ళే ఎందుకు అన్నదానికి రకరకాల కారణాలు చెప్తారు. గడ్డి కప్పు అంతకాలమే ఆగుతుందని కొందరంటారు. మాకు నచ్చిన లెక్క మనిషి వయసు లెక్క. ఇరవై ఏళ్ళప్పుడు పనిలో చేరిన వడ్రంగి మొదటి గుడిలో అందించే చెయ్యి. రెండో గుడి నాటికి నలభై, పని నడిపించే మేస్త్రి. మూడోదానికి అరవై, పక్కన నిలబడి తప్పు చెప్పే పెద్దమనిషి. నేర్చుకునేవాడూ నేర్పేవాడూ ఒకే చోట, ఒకే దూలం మీద పని చేస్తారు. ఈ గడువు యాభై ఏళ్ళైతే నేర్పేవాడు పోయి ఉంటాడు.

కట్టడం ఒక్కటే కాదు. దేవతకు సమర్పించే వస్త్రాలు, కత్తులు, విల్లులు, అద్దాలు, జీను సామాను, ఇలా 714 రకాలు, మొత్తం 1,576 వస్తువులు ప్రతిసారీ కొత్తగా చేస్తారు. నేతగాళ్ళు, కమ్మరులు, లక్కపని వాళ్ళు అందరికీ పని పడుతుంది. అందులో ఒక కత్తి పిడికి తొకి అనే పక్షి ఈకలు రెండు కావాలి. జపాన్‌లో పుట్టిన చివరి తొకి 2003లో చచ్చిపోయింది. చైనా ఇచ్చిన పక్షుల సంతతి ఇప్పుడు అక్కడ ఎగురుతోంది. రెండు ఈకల కోసం పక్షి కావాలి, పక్షికి పొలాల్లో పురుగూ కప్పా కావాలి. హినొకి చెట్ల కథా అంతే. శతాబ్దాలుగా కొయ్య కిసో కొండల నుంచి వస్తోంది. 1923లో గుడివాళ్ళు తమ సొంత అడవిలోనే రెండు వందల ఏళ్ళ లెక్కతో చెట్లు పెంచే పథకం పెట్టుకున్నారు. ఆ చెట్లలో పలచన చేయడానికి కొట్టినవాటితోనే 2013 గుడికి కావలసిన కొయ్యలో దాదాపు నాలుగో వంతు వచ్చింది. నాటినవాళ్ళెవరూ ఆ దూలాలు చూడలేదు.

పూరీ రథయాత్రకు వెళ్ళే మన ఒడిశా చుట్టాలకు ఇదంతా చదువుతుంటే నవకళేబరం గుర్తుకొస్తూ ఉంటుంది. రెండు ఆషాఢాలు వచ్చిన ఏడు వేపదుంగ వెతికి, జగన్నాథుడికి కొత్త విగ్రహం చెక్కి, అర్ధరాత్రి చీకట్లో బ్రహ్మపదార్థం మార్చడం. 1996లో జరిగింది, తర్వాత 2015లో. ఇసెలో కూడా దేవత మారేది రాత్రిపూటే, దీపాలు ఆర్పేసి, తెల్లటి పట్టు తెరల చాటున. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు. దేవుడు నిత్యం, కొయ్య అనిత్యం అని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఊరుకోకుండా దానికొక పద్ధతి పెట్టుకున్నారు.

ఇక వీధి. వంతెన దాటి వెనక్కి రాగానే నదివెంట ఒహరాయ్ మాచి మొదలవుతుంది. ఎనిమిది వందల మీటర్ల పొడవు, రాతిపలకల నేల, రెండు వైపులా కొయ్య ఇళ్ళు. కప్పు త్రికోణం వీధివైపుకు ఉంటుంది, ఇంట్లోకి దారి ఆ త్రికోణం కిందనుంచే. గుడికి దారి మరో పక్కనుంచి కాబట్టి, గుడిలాగా ఇల్లు కట్టుకోవడం మర్యాద కాదని ఇక్కడివాళ్ళు ఇలా కట్టుకున్నారట. పోస్టాఫీసు, బ్యాంకు కూడా అదే వాలకంలో ఉన్నాయి. కరెంటు స్తంభాలు లేవు, తీగలన్నీ భూమిలో.

ఒకప్పుడు ఈ వీధిలో ఒన్షి అనే పూజారుల ఇళ్ళుండేవి. (ఇంకో చోట్ల ఒషి అంటారు, ఇసెలో ఒన్షి.) వాళ్ళు ఊరూరా తిరిగి, ఇసె గుడి తాయెత్తులూ పంచాంగాలూ పంచి, యాత్రికుల్ని రప్పించి, తమ ఇళ్ళలో దిగబెట్టుకుని పూజ చేయించేవాళ్ళు. కాశీలోనూ గయలోనూ పండాలు చేసేపనే. పల్లెల్లో యాత్ర సంఘాలుండేవి. అందరూ కొంచెం కొంచెం డబ్బు వేసి, చీటీ తీసి, ఎవరి పేరొస్తే వాళ్ళను ఊరి తరఫున ఇసెకు పంపేవాళ్ళు. మన చీటీపాటలో చీటీ ఎత్తినవాళ్ళు ఫ్రిజ్ కొంటారు, వాళ్ళు పుణ్యం తెచ్చి ఊరికి పంచేవాళ్ళు. కొన్ని ఏళ్ళలో జనం కట్టలు తెంచుకుని వచ్చేవాళ్ళు. యజమానికి చెప్పకుండా పనివాళ్ళు, అత్తమామలకు చెప్పకుండా కోడళ్ళు. 1830లో కొన్ని నెలల్లోనే నలభై లక్షల మందికి పైగా వచ్చారని లెక్క. దారిలో జనం వాళ్ళకు అన్నం, చెప్పులు ఊరికే ఇచ్చేవాళ్ళు. రాలేని యజమానులు కుక్క మెడలో డబ్బు సంచి కట్టి పంపితే, యాత్రికులే దాన్ని దారిపొడుగునా సాకుతూ ఇసెకు తెచ్చి, తాయెత్తు కట్టి వెనక్కి పంపిన కథలున్నాయి. ఆ కుక్క బొమ్మలు ఇప్పుడు వీధి నిండా అమ్ముతారు. మేమూ ఒకటి కొన్నాం, టీవీ పక్కన ఉంది.

1871లో మెయిజి ప్రభుత్వం ఒన్షి పద్ధతిని రద్దు చేసింది. వీధికి ఉన్న పని సగం పోయింది. తర్వాత బస్సులు, కార్లు వచ్చాక జనం వంతెన దగ్గరే దిగి, దండం పెట్టి, అక్కడే ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు. 1970ల చివరికి గుడికి లక్షలకొద్దీ వస్తున్నా ఈ వీధిలో నడిచేవాళ్ళు ఏడాదికి రెండు లక్షలే అంటారు. పాత ఇళ్ళు పడగొట్టి సిమెంటు కట్టడాలు లేస్తున్నాయి. మన ఊళ్ళలో ఏ రథవీధి చూసినా ఇదే కథ.

వాళ్ళ కథ ఇక్కడ మలుపు తిరిగింది. ఆ వీధిలో అకాఫుకు అనే మిఠాయి అంగడి 1707 నుంచి ఉంది. మెత్తటి బియ్యపు ముద్ద మీద ఎర్ర అలసందల్లాంటి గింజల తీపి పూర్ణం పూసి ఇస్తారు. మన పూర్ణం బూరెను లోపలిది బయటికి తిప్పినట్టు. పూర్ణం మీద మూడు వేళ్ళ గీతలు ఇసుజు నది అలలట, కింద తెల్ల ముద్ద నదిలోని గులకరాయట. చేప, గుడ్డు ఏమీ ఉండవు కాబట్టి మనవాళ్ళు ధైర్యంగా తినొచ్చు. అంగడి తెల్లవారుజామున ఐదుకే తెరుస్తారు, గుడి తెరిచే వేళకు. ఇసె ఊదొన్ అని లావుపాటి మెత్తటి సేమ్యాలాంటిది కూడా అక్కడ పేరున్నదే, కానీ దాని నల్లటి పులుసులో చేప సారం ఉంటుంది, అడిగి తినండి.

ఈ అంగడివాళ్ళు, ఊరివాళ్ళు కలిసి వీధిని మళ్ళీ నిలబెట్టే పని పెట్టుకున్నారు. పాత వాలకంలో ఇల్లు కట్టుకునేవాళ్ళకు సాయం చేసేలా 1989లో ఇసె పురపాలక సంఘం నియమం తెచ్చింది. 1993లో, ఆనాటి గుడి మార్పు జరిగిన ఏడే, వీధి నడుమ ఒకాగె యొకొచో అనే చిన్న పేట తెరిచారు. ఒకాగె అంటే మీ దయ వల్ల అని. పాతకాలపు ఇళ్ళ నమూనాలో అంగళ్ళు, తినుబండారాలు, డోలు వాయించే బురుజు. అకాఫుకు దీనికి పెట్టిన ఖర్చు దాదాపు 1,400 కోట్ల యెన్‌లు. ఇప్పుడు సెలవురోజున ఆ సందులో భుజాలు తగలకుండా నడవలేం.

మాతో వచ్చిన స్నేహితుడొకడు, ఇదంతా సినిమా సెట్టింగు, ముప్పై ఏళ్ళనాటి కట్టడానికి మూడొందల ఏళ్ళ వేషం అన్నాడు. మేం ఒప్పుకోలేదు. వేషం వేసినవాడు వయసు దాస్తాడు, వీళ్ళు దాయలేదు. కొయ్య నిజం కొయ్య, అతుకులు నిజం వడ్రంగి పని, అంగడి వెనక నిజంగా వండుతున్నారు. పక్కనున్న గుడి పన్నెండేళ్ళదైతే దాన్ని పురాతనం అని దండం పెట్టి, పక్కనున్న వీధి ముప్పై ఏళ్ళదైతే నకిలీ అనడం ఏ లెక్క? అయితే అంతా మాకు నచ్చిందని కాదు. చెయ్యెత్తి పిలిచే పిల్లి బొమ్మలు మరీ ఎక్కువైపోయాయి. ఐస్‌క్రీం వరసలో నిలబడ్డ జనంలో గుడికి వెళ్ళొచ్చినవాళ్ళెందరో అనుమానమే. అకాఫుకు పేరు కూడా మచ్చ లేనిది కాదు. తయారీ తేదీలు మార్చి అమ్ముతున్నారని 2007లో బయటపడి, అంగడి కొన్ని నెలలు మూతపడింది, 2008లో మళ్ళీ తెరిచారు. మూడొందల ఏళ్ళ పేరున్నా తనిఖీ తప్పదు. తేదీలు సరిచూడడమే మా ఉద్యోగం కాబట్టి ఈ మాట ఇంకొంచెం గట్టిగా అంటున్నాం.

గుడి పక్కన అంగళ్ళుంటే భక్తి చెడుతుందని మన ఇళ్ళలో పెద్దలంటుంటారు. ఇసె చూశాక మాకు తిరగేసి అనిపించింది. గుడికి పువ్వు, కొయ్య, గుడ్డ, తీపి అందించే చేతులు ఆ చుట్టుపక్కలే బతకాలి కదా. వాళ్ళకు ఆ వీధిలో తిండి దొరక్కపోతే ఎక్కడికో పోతారు, పని వాళ్ళతోనే పోతుంది. కొత్త గుడి కట్టేముందు దుంగల్ని బండ్లమీద, నదిలోనూ లాక్కొచ్చేది ఊరి జనమే. పోయినసారి 2006, 2007లలో లాగారు. గుడి పూర్తయ్యాక నది గులకరాళ్ళను గుడ్డలో చుట్టి తెచ్చి, గర్భగుడి చుట్టూ పరిచేదీ వాళ్ళే. గర్భగుడి పక్కదాకా మామూలు మనిషి వెళ్ళగలిగేది అప్పుడే. దుంగ లాగేటప్పుడు పాడే పాటలను కియారి అంటారు. పేటపేటకూ పాడేవాళ్ళ జట్టు ఉంటుంది, చిన్నపిల్లల్ని కూడా కూర్చోబెట్టి నేర్పుతారు. పాట లేకుండా తాడు లాగరు.

తలుపుల మీద ఇంకో చిత్రం. జపాన్ అంతటా కొత్త సంవత్సరానికి గడ్డితాడు తోరణం కట్టి కొన్ని రోజులకు తీసేస్తారు. ఇసెలో ఏడాది పొడుగునా ఉంచుతారు. మారువేషంలో వచ్చిన దేవుడికి ఒక పేదవాడు రాత్రి చోటిచ్చాడు, వాడి సంతతి అని తలుపు మీద గుర్తు ఉంటే రోగాలు రావని దేవుడు మాటిచ్చాడు. ఆ పేదవాడి పేరు సోమిన్. ఇప్పటికీ ఇళ్ళ ముందు చెక్కముక్క మీద ఆ సంతతి మాదే అన్నట్టు రాసి ఉంటుంది. మా చిన్నప్పుడు మా వీధిలో కన్నడ ఇళ్ళ తలుపు మీద సుద్దముక్కతో ‘నాళె బా’ అనీ, తెలుగు ఇళ్ళ మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అనీ రాసుండేది. దయ్యం ఏ భాషలో చదువుతుందో తెలియక రెండూ రాసుకున్నవాళ్ళూ ఉన్నారు. మేం తెలుగు అక్షరాలు మొదట చూసింది ఆ తలుపుల మీదా, సినిమా పోస్టర్ల మీదానే. బడిలో నేర్చుకున్నది కన్నడ. ఇంట్లో మాట్లాడేది తెలుగు. రాతకూ నోటికీ మధ్య మాకు ఒక గడి ఉంది, గడిప్రాంతం వాళ్ళం కదా.

ఇప్పుడు అవ్వ పాటల సంగతి. అవ్వకు ఎనభై దాటాయి. నలుగు పాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాట, హారతి పాటలు, సువ్వి పాటలు కలిపి నలభై దాకా వస్తాయి. చిన్నమ్మకు ఏడెనిమిది వస్తాయి. నలభై ఏళ్ళలోపు వాళ్ళెవరికీ ఒక్కటీ పూర్తిగా రాదు. అందరం కలిసి డబ్బు వేసుకుని, బెంగళూరులో మంచి స్టూడియోలో అవ్వ పాటలన్నీ రికార్డు చేయించి, తలా ఒక పెన్‌డ్రైవ్ ఇవ్వాలని పెద్దనాయన ఆలోచన. చెయ్యాల్సిందే. మా వంతు డబ్బు ఇచ్చేశాం. అవ్వ గొంతు మాకూ కావాలి.

కానీ దాంతో పాటలు నిలిచాయని అనుకుంటే మాత్రం మాకు అభ్యంతరం ఉంది. మా పనిలో డేటా భద్రం చేసి పెట్టుకున్నామని చెప్తే ఎవరూ నమ్మరు. దాన్ని బయటికి తీసి, వేరే మెషీన్‌లో ఎక్కించి, నడుస్తోందని చూపించాలి. అప్పుడే అది ఉన్నట్టు లెక్క. పాటకు మెషీన్ అంటే ఇంకో మనిషి గొంతే. పోయిన ఏడాది మన ఇంటి పెళ్ళిలో హారతి పాట స్పీకర్‌లో పెట్టారు. పాట బాగానే వచ్చింది. పళ్ళెం పట్టుకున్న ఇద్దరు పిల్లలకు ఎక్కడ ఆపాలో తెలియలేదు, ఎందుకంటే పాట వాళ్ళను చూడదు. అవ్వ పాడితే కర్పూరం అయ్యేదాకా చరణం సాగదీస్తుంది, పెళ్ళికొడుకు తాత పేరు నడిమధ్యలో అతికిస్తుంది. ఆ అతికించే నేర్పు రికార్డులోకి రాదు. ఇసెవాళ్ళు గుడిని కొలతలు రాసి, నమూనా చేసి, అద్దాల పెట్టెలో పెట్టుకోలేకపోయారా? పెట్టుకున్నారు కూడా, అక్కడ మ్యూజియం ఉంది. అయినా కడుతూనే ఉన్నారు.

వాళ్ళకు వేల కోట్లున్నాయి, మనకేముంది అని చిన్నాయన అన్నాడు. నిజమే, 2013 మార్పుకు దాదాపు 5,500 కోట్ల యెన్‌లు అయ్యాయి. యుద్ధానికి ముందు ఆ గుడి రాజ్యం అండతో, రాజ్యం పొగరుతో నడిచింది కూడా. ఆ కాలాన్ని మేం పొగడట్లేదు. కానీ 1945లో ఓడిపోయాక ఆ అండ పోయింది. 1949లో జరగాల్సిన మార్పు జరగలేదు. జనం చందాలతో 1953లో చేశారు. వంతెన మాత్రం అనుకున్నట్టు 1949లోనే కట్టుకున్నారు. తినడానికి లేని రోజుల్లో ముందు వంతెన కట్టుకున్నారంటే మాకు ముచ్చటేసింది.

అంతకుముందు ఇంకా పెద్ద తెగుదల ఉంది. అంతర్యుద్ధాల కాలంలో నైకూ 1462 తర్వాత 1585 దాకా కట్టలేదు. గెకూ 1434 తర్వాత 1563 దాకా కట్టలేదు. నూట ఇరవై ఏళ్ళకు పైగా. అంటే నేర్పేవాడు లేడు, చూసినవాడు లేడు, చూసినవాడిని చూసినవాడు కూడా లేడు. దాన్ని మళ్ళీ లేపింది రాజులు కాదు, కెయికోయిన్ అనే చిన్న మఠం సన్యాసినులు. సెయిజున్ అనే ఆమె దేశం తిరిగి జోలె పట్టి గెకూ కట్టించింది. ఆమె తర్వాత వచ్చిన షూయో నొబునగ, హిదెయొషి లాంటి దొరలను కదిలించి నైకూ కట్టించింది. ఇప్పటి గుడి 690 నాటి దానికి అచ్చుగుద్దినట్టు ఉండదని పండితులే అంటారు. వంద ఏళ్ళ మరుపు మధ్యలో ఉంటే ఎలా ఉంటుంది? అయినా అది ఇసె గుడే. చిన్నమ్మ పాడితే రాగం కాస్త పక్కకు పోతుందనీ, మన పిల్లల నోట ‘ళ’ పలకదనీ, కన్నడ మాట దూరుతుందనీ వద్దనేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. మనకు పడిన తెగుదల ఒక్క తరానిదే. అవ్వ ఇంకా ఉంది.

కాబట్టి మా మాట ఇది. స్టూడియోకి వేసుకున్న డబ్బులో మిగిలేది పంచుకోవద్దు. దాన్ని పిల్లలు అవ్వ దగ్గరికి వచ్చిపోయే బస్సు ఖర్చులకు పెడదాం. ఒక్కొక్కరు రెండు పాటలు తీసుకోవాలి, ఎక్కువ వద్దు. నేర్చుకునేటప్పుడు ఫోన్ బయట గదిలో ఉండాలి. రాసుకోవాలంటే తెలుగులో రాసుకోండి, రాకపోతే కన్నడలోనో తమిళంలోనో రాసుకోండి, తప్పు లేదు. మేం అప్పగింతల పాట కన్నడ అక్షరాల్లోనే రాసుకున్నాం. రాబోయే మాఘమాసం పెళ్ళిలో స్పీకర్ వద్దు. రెండు పాటలైనా ముప్పై ఏళ్ళలోపు వాళ్ళు పాడాలి, అవ్వ పక్కన కూర్చుని తప్పులు చెప్పాలి. ఇసెలో 2033 మార్పుకు తొలి పూజలు 2025లోనే మొదలయ్యాయి, ఎనిమిదేళ్ళ ముందు. మనకు ఉన్నది ఆరు నెలలు.

మీలో ఇసె వెళ్ళేవాళ్ళుంటే పొద్దున్నే వెళ్ళండి, ఎనిమిది దాటితే జనం. గెకూలో ఎడమ పక్కన, నైకూలో కుడి పక్కన నడవాలి, బోర్డులుంటాయి. మన ఇంటివాళ్ళు ఇక్కడే ఉండేవాళ్ళైతే, ఆదివారాలు సాయంత్రం నాలుగు తర్వాత రండి, మధ్యాహ్నం అవ్వ పడుకుంటుంది. అప్పగింతల పాట, ఒక హారతి మేం తీసుకున్నాం. చిన్నమ్మ కూతురు రెండు నలుగు పాటలు తీసుకుంది. తలంబ్రాల పాటలు మూడూ ఇంకా ఎవరూ తీసుకోలేదు.